చిన్న గదిలో ట్రంపెట్ సాధన.. చెవుల్లో కూత ప్రమాదమా?

ప్రశ్న: నాకు 20 ఏళ్లు. మరో నలుగురు విద్యార్థులతో కలిసి ఒకే ఇంట్లో ఉంటున్నాను. రెండేళ్లుగా ట్రంపెట్ నేర్చుకుంటున్నాను. హాల్లో వాయిస్తుంటే చదువు సాగడం లేదని, నిద్ర పాడవుతోందని మిగతావారు అభ్యంతరం చెప్పారు. దాంతో మూడు నెలలుగా సామాన్లు పెట్టుకునే చిన్న గదిలో తలుపు మూసుకుని, సందుల్లో తువ్వాలు కుక్కి, రోజూ రెండు గంటలు సాధన చేస్తున్నాను. చెవుల్లో దూది పెట్టుకుంటాను. అయినా వారం రోజులుగా సాధన అయ్యాక రెండు చెవుల్లో సన్నని కూత వినిపిస్తోంది. తెల్లారేసరికి తగ్గిపోతుంది. ఎవరైనా వచ్చి తలుపు కొడతారేమోనన్న భయంతో ఊపిరి బిగబట్టి వాయిస్తున్నాను. వచ్చే నెలలో ప్రదర్శన ఉంది. సాధన మానేయాలా?

సమాధానం: సాధన మానేయాల్సిన అవసరం లేదు. కానీ ఆ గదిని మాత్రం ఈ రోజే వదిలేయండి. తోటివారికి ఇబ్బంది కలగకూడదనే మీరు అందులోకి వెళ్లారు. అయితే అంతకుముందు ఇల్లంతా పరుచుకున్న శబ్దం ఇప్పుడు మీ రెండు చెవుల మీదే పడుతోంది.

ట్రంపెట్‌ను గట్టిగా ఊదితే శబ్దం 100 డెసిబెల్స్ దాటగలదు. విశాలమైన చోట ఆ ధ్వని ముందుకు సాగిపోయి, దూరం పెరిగేకొద్దీ బలహీనపడుతుంది. వాయించేవారి కన్నా ఎదురుగా కూర్చున్నవారి చెవులకే ఎక్కువ తగులుతుంది. చిన్న గదిలో దానికి దారి ఉండదు. ఎదుటి గోడను తాకి వెంటనే మీ ముఖం మీదికి తిరిగి వస్తుంది. అంటే మీ ట్రంపెట్‌కు ఎదురుగా మీరే కూర్చున్నట్లు.

చెవికి జరిగే నష్టం శబ్దం ఎంత పెద్దది, ఎంతసేపు విన్నారు అనే రెండింటి మీదా ఆధారపడుతుంది. పని ప్రదేశాల్లో శబ్దం గురించి అమెరికాలోని వృత్తిపరమైన ఆరోగ్య సంస్థ నియోష్ చెప్పే పరిమితి 85 డెసిబెల్స్ వద్ద రోజుకు 8 గంటలు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 94 డెసిబెల్స్ వద్ద ఒక గంట, 100 వద్ద 15 నిమిషాలే. మధ్యమధ్య పెదాలకు విశ్రాంతి ఇస్తారు కాబట్టి మీరు రెండు గంటలూ ఊదుతూనే ఉండరు, నిజమే. అయినా మీరు ఆ హద్దు దాటే ఉంటారన్నది నా అంచనా. ఆ కూతే అందుకు గుర్తు. అదే రోజు ఇయర్‌ఫోన్స్‌లో పెద్ద శబ్దంతో పాటలు వింటే అదీ ఈ ఖాతాలోనే చేరుతుంది.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో హెయిర్ సెల్స్ అనే సున్నితమైన కణాలుంటాయి. పుట్టుకతో ఒక్కో చెవికి సుమారు 15 వేలు. చనిపోయిన కణం స్థానంలో మనుషుల్లో కొత్తది పుట్టదు. తెల్లారేసరికి కూత తగ్గుతోందంటే ప్రస్తుతానికి అవి అలసిపోయి తిరిగి కోలుకుంటున్నాయని అర్థం. అంతమాత్రాన నిశ్చింతగా ఉండకండి. వినికిడి మామూలు స్థాయికి వచ్చిన తర్వాత కూడా, చెవికీ నాడికీ మధ్య ఉండే అనుసంధానాలు శాశ్వతంగా పోతాయని 2009లో ఎలుకలపై జరిగిన పరిశోధన చూపింది. అందుకే ఇప్పుడు రెండు, మూడు రోజులు ట్రంపెట్ ముట్టుకోకండి. ప్రదర్శనకు నెల ఉంది కాబట్టి ఈ విరామం వల్ల మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు.

దూది దాదాపు పనికిరాదు. మామూలు స్పాంజి ఇయర్‌ప్లగ్స్ శబ్దాన్ని తగ్గిస్తాయి కానీ హెచ్చు స్థాయి స్వరాలను మరీ ఎక్కువగా మింగేస్తాయి. తన ధ్వని తనకే మొద్దుగా వినిపించి వాద్యకారుడు ఇంకా గట్టిగా ఊదుతాడు. సంగీతకారుల కోసం తయారుచేసేవి అన్ని స్వరాలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. 9, 15, 25 డెసిబెల్స్ ఫిల్టర్లతో దొరుకుతాయి. 15తో మొదలుపెట్టండి. ఊదే వాద్యాలు వాయించేవారికి చెవులు మూసినప్పుడు తమ ధ్వని తలలోపల గుమ్మని మోగుతుంది. కొన్నాళ్లకు అలవాటవుతుంది. చెవి కొలత తీసుకుని, లోపలి వరకు అమరేలా చేయించుకుంటే ఆ ఇబ్బంది ఇంకా తగ్గుతుంది.

ఇంట్లో వాయించక తప్పనప్పుడు ప్రాక్టీస్ మ్యూట్ (ట్రంపెట్ మూతిలో అమర్చి శబ్దాన్ని తగ్గించే సాధనం) వాడండి. అది మీకూ ఇతరులకూ మేలే. అయితే గాలికి ఎదురు ఒత్తిడి పెరిగి పెదాలు త్వరగా అలసిపోతాయి, శ్రుతి కూడా కాస్త జరుగుతుంది. కాబట్టి సాధన మొత్తం దానితోనే చేయకండి. గోడలకు స్పాంజి అంటించాలన్న ఆలోచన ఉంటే ఒక మాట. దానివల్ల గదిలో ప్రతిధ్వని తగ్గుతుంది, పక్క గదికి వెళ్లే శబ్దం దాదాపు అలాగే ఉంటుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఊపిరి బిగబట్టి వాయిస్తున్నానన్న మాట. ట్రంపెట్‌లో పై స్వరాలకు ఛాతీలో ఒత్తిడి ఎలాగూ పెరుగుతుంది. దానికి భయం తోడైతే గొంతు బిగుసుకుంటుంది, భుజాలు పైకి లేస్తాయి, కొందరికి తల తిరిగి కళ్లు బైర్లు కమ్ముతాయి. ఆ బిగుతు అలవాటైతే వేదిక మీదా వదలదు. వినిపించకూడదన్న భయంతో వాయించే రెండు గంటల కన్నా నిర్భయంగా వాయించే 40 నిమిషాలు మీకు మేలు. కళాశాలలో తరగతులు ముగిశాక ఖాళీగా ఉండే పెద్ద గదినో, ఆడిటోరియాన్నో అడగండి. పూర్తి బలంతో ఊదాల్సిన భాగాలన్నీ అక్కడే చేయండి. వేళ్ల కదలికలు, లయ, స్వరాలు జ్ఞాపకం పెట్టుకోవడం వంటివి ఇంట్లో నిశ్శబ్దంగానే సాగుతాయి. ఐదు రోజులు పియానో వరుసను వేళ్లు కదపకుండా మనసులోనే సాధన చేసినవారి మెదడులోనూ వేళ్లను నడిపించే భాగంలో మార్పులు వచ్చాయని 1995లో ప్రచురితమైన అధ్యయనంలో తేలింది.

మీ స్నేహితుల మీద కోపం పెట్టుకోకండి. మంచి నిద్రకు పడకగదిలో శబ్దం 30 డెసిబెల్స్ లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మెలకువ రాకపోయినా, నిద్రలో చెవిన పడే శబ్దానికి గుండె వేగం పెరుగుతుంది. అయితే ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందో ముందే తెలిసిన శబ్దం మనిషిని తక్కువ బాధిస్తుంది. నలుగురితో కూర్చుని రోజుకు అరగంట సమయం, వారే నిర్ణయించేలా అడగండి. పరీక్షల రోజుల్లో అదీ వద్దు. తలుపు కొడతారన్న భయం కూడా దాంతో తగ్గుతుంది.

ప్రదర్శనకు ముందే ఒకసారి ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించుకోండి. ముందు రోజు సాధన మానేసి వెళ్లండి, లేకపోతే తాత్కాలిక అలసట ఫలితంలో కలిసిపోతుంది. పెద్ద శబ్దాల వల్ల వచ్చే నష్టం మొదట 3,000 నుంచి 6,000 హెర్ట్జ్ మధ్య ఉండే హెచ్చు స్థాయి ధ్వనుల్లో కనిపిస్తుంది. మాటలు బాగానే వినిపిస్తున్నాయి కదా అని పరీక్ష వాయిదా వేయకండి. చెవిలో చుక్కల మందులు సొంతంగా వేసుకోవద్దు, వాటితో ఈ కూత తగ్గదు.

విశ్రాంతి ఇచ్చినా రెండు రోజులకు మించి కూత ఉన్నా, మామూలు శబ్దాలకే చెవి నొప్పి పుట్టినా, కూత నాడి కొట్టుకున్నట్లు లయగా వినిపించినా ఈఎన్‌టీ వైద్యులను కలవండి. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించడం మానేసినా, కళ్లు తిరిగి పడిపోతున్నట్లు అనిపించినా మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. అకస్మాత్తుగా పోయిన వినికిడికి స్టెరాయిడ్ చికిత్స మొదటి కొన్ని రోజుల్లో ప్రారంభిస్తేనే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.