శాకాహారి అయిన అమ్మని ఇంగ్లండ్‌లో ఫ్రెంచ్ బిస్ట్రోకి తీసుకెళ్లొచ్చా?

మీ అమ్మగారు శాకాహారి, ఇంగ్లండ్‌లో చిన్న ఊరి ఫ్రెంచ్ బిస్ట్రోకి, అంటే చిన్నపాటి ఫ్రెంచ్ రెస్టారెంట్‌కి, లంచ్‌కి తీసుకెళ్తే ఆవిడకి తినడానికి ఏమైనా దొరుకుతుందా అని అడిగారు. దొరుకుతుంది, తప్పకుండా తీసుకెళ్లండి. ఉల్లిపాయ సూప్ దగ్గర మాత్రం జాగ్రత్త.

మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఎసెక్స్‌లోని సాఫ్రన్ వాల్డెన్‌కి తీసుకెళ్లాను. ఒకప్పుడు అక్కడ కుంకుమపువ్వు పండించేవాళ్లు, ఊరికి ఆ పేరు అందుకే. మంగళవారం, శనివారం ఊరి మధ్యలో సంత ఉంటుంది. మంగళవారం సంతంతా తిరిగి, ఆకలేసి, పక్క సందులో ఉన్న చిన్న బిస్ట్రోలో కూర్చున్నాం. మెనూలో ఫ్రెంచ్ ఆనియన్ సూప్ కనిపించింది. ఉల్లిపాయలే కదా అని అమ్మకి అదే చెప్పాను.

మందపాటి గిన్నెలో వచ్చింది. పైన బ్రెడ్ ముక్క, దాని మీద కరిగి అంచుల్లో ఎర్రగా కాలిన చీజ్. అమ్మ స్పూన్‌తో ఆ పొర కొంచెం పక్కకి జరిపి, "ఉల్లిపాయలు మాడకుండా ఇంత ఎర్రగా వేగాలంటే గంటసేపు పొయ్యి దగ్గరే ఉండాలే" అంది. ఆ రంగు చూశాకే నాకు అనుమానం వచ్చి సర్వ్ చేసే అమ్మాయిని అడిగాను. బీఫ్ స్టాక్, అంటే గొడ్డు మాంసం, ఎముకలు ఉడికించిన రసం, అంది. నా గుండె జారిపోయింది. అదృష్టం, అమ్మ ఇంకా నోట్లో పెట్టుకోలేదు.

ఆ అమ్మాయి వెంటనే సూప్ తీసేసి, బదులు రాటటూయీ తెచ్చింది. వంకాయ, టమాటా, క్యాప్సికం, జుకినీ ఆలివ్ నూనెలో మగ్గించిన కూర. అమ్మ బ్రెడ్‌తో గిన్నె ఖాళీ చేసింది. టేబుల్ మీదున్న డిజాన్ మస్టర్డ్, అంటే ఫ్రెంచ్ ఆవముద్ద, కొంచెం నాలుక మీద వేసుకుని, "ఇది మన ఆవపిండి ఘాటే!" అని సంబరపడింది.

ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోండి. ఇక్కడి చట్టం ప్రకారం రెస్టారెంట్లు 14 అలర్జీ పదార్థాల గురించి చెప్పి తీరాలి. ఆ జాబితాలో పాలు, ఆవాలు, సెలెరీ ఉంటాయి కానీ మాంసం ఉండదు. అంటే అలర్జీ కార్డు చూస్తే స్టాక్ సంగతి తెలియదు. "ఇందులో మాంసం స్టాక్ ఉందా?" అని నోరు తెరిచి అడగాల్సిందే. సూప్ మీద వేసే గ్రుయేర్ చీజ్‌ని సంప్రదాయంగా దూడ కడుపులోంచి తీసే, పాలని గడ్డకట్టించే రెన్నెట్‌తో చేస్తారు, మీ అమ్మగారికి ఆ పట్టింపు ఉంటే అదీ అడగండి. వాళ్లు ఏమీ అనుకోరు, నిజంగా.

లంచ్‌కి సెట్ మెనూ (ఒకే ధరకి ముందే నిర్ణయించిన వంటకాలు) ఉంటే డిన్నర్ కన్నా చవగ్గా అయిపోతుంది. రెండు దాటితే చాలాచోట్ల వంట ఆపేస్తారు కాబట్టి పన్నెండున్నరకల్లా కూర్చోండి. ట్యాప్ వాటర్ అని అడిగితే నీళ్లకి డబ్బులు తీసుకోరు.

అమ్మ ఇప్పటికీ గుంటూరు నుంచి ఫోన్ చేసి, ఆ వంకాయ కూరలో వేసిన ఆకేమిటి, దాని బదులు ఇక్కడ ఏం వేసుకోవచ్చు అని అడుగుతూనే ఉంటుంది.