‘ఆల్ ఒరిజినల్’ అని అమ్మారు.. లోపల చూస్తే 1974 పాట్‌లు!

ప్రశ్న: మాది సికింద్రాబాద్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాల్లో బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయిస్తుంటాను. పాత బేస్‌లు సేకరించడం సరదా. గత నవంబరులో బెంగళూరులో పాత గిటార్లు అమ్మే డీలర్ దగ్గర ‘1966 ఫెండర్ జాజ్ బేస్, ఆల్ ఒరిజినల్’ అంటే రూ.7,40,000 పెట్టి కొన్నాను. 6 లక్షలు బ్యాంకు ద్వారా, మిగతాది నగదుగా ఇచ్చాను. స్క్రూలు విప్పితే విలువ పడిపోతుంది, ముట్టుకోవద్దని ఆయన వాట్సాప్‌లో గట్టిగా చెప్పారు. గత నెల గరగరమని శబ్దం వస్తుంటే రిపేరుకు ఇచ్చాను. విప్పి చూస్తే వాల్యూమ్ నాబ్‌ల కింది పాట్‌ల (శబ్దాన్ని పెంచి తగ్గించే భాగాలు) మీద 1974 కోడ్ ఉంది. పిక్‌గార్డ్ (బాడీ మీది రక్షణ ప్లేట్) అంచున తెల్లరంగు అడుగున పాత సన్‌బర్స్ట్ (మధ్యలో లేతగా, అంచుల్లో ముదురుగా ఉండే) రంగు కనిపించింది. నెక్ (పొడవాటి మెడ భాగం) బాడీలో కూర్చునే చోట ఉండాల్సిన తేదీ ముద్రను గీకేశారు. డీలర్‌ను అడిగితే ‘పాత వస్తువు, చూసుకునే కొన్నారు, బిల్లు మీద నో రిటర్న్ అని ఉంది’ అంటున్నారు. డబ్బు వెనక్కి వస్తుందా? రాదంటే నేనే ఆ రంగు తీసేసి, మంచి పికప్‌లు (తీగల శబ్దాన్ని అందుకునే భాగాలు) వేసి అమ్మేద్దామనుకుంటున్నాను. ఇదివరకు మూడు బేస్‌లు అలా కస్టమైజ్ చేసి, హెడ్‌స్టాక్ (నెక్ చివరి తల భాగం) మీద ఫెండర్ కంపెనీ స్టిక్కర్ వేసి అమ్మాను కూడా. నాలుగోది ఇప్పుడు తయారవుతోంది.
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: ముందు ఆ రంగు తీసే ఆలోచన పక్కన పెట్టండి. ఈ కేసులో మీ దగ్గరున్న పెద్ద సాక్ష్యం ఆ గిటారే. పైగా సరుకు విక్రయాల చట్టం (1930) సెక్షన్ 42 ప్రకారం, కొన్న వస్తువును పూర్తిగా మీ సొంతమన్నట్టు మార్చేసినా, వద్దన్న సంగతి చెప్పకుండా చాలాకాలం ఉంచుకున్నా మీరు దాన్ని స్వీకరించినట్టే లెక్క. ఆ తర్వాత వస్తువు తిరిగిచ్చి మొత్తం డబ్బు అడిగే హక్కు పోయి, నష్టపరిహారం మాత్రమే మిగులుతుంది. కాబట్టి ‘ఈ బేస్ నాకు వద్దు, తీసుకెళ్లి డబ్బివ్వండి’ అని ఈ వారంలోనే రాతపూర్వకంగా పంపండి. ఫోన్‌లో వాదించుకున్నది లెక్కలోకి రాదు.

ఇక అసలు విషయం. ఇలాంటి కేసుల్లో చాలామంది చేసే పొరపాటు, అవసరానికి మించి ఆరోపించడం. ‘ఇది 1966ది కాదు, నకిలీ’ అని రాయకండి. పాట్ మీద 1377418 అని ఉంటే 137 అనేది పాట్‌లు తయారుచేసే సీటీఎస్ కంపెనీ గుర్తు, 74 సంవత్సరం, 18 వారం. అంటే ఆ పాట్ 1974 ఏప్రిల్, మే ప్రాంతంలో తయారైంది. 1966 గిటార్‌లో అది ఫ్యాక్టరీలో పడే అవకాశమే లేదు, నిజమే. కానీ మధ్యలో ఎవరో రిపేర్ చేసి ఉండొచ్చు కదా? గిటార్ 1966దే అయి, పాట్‌లు మాత్రం మారి ఉండొచ్చు. వెనక ప్లేట్ మీది సీరియల్ నంబర్‌తోనూ ఏదీ తేలదు. నాలుగు స్క్రూలు విప్పితే ఆ ప్లేట్ ఇంకో గిటార్‌కు వెళ్లిపోతుంది. మీరు నకిలీ అంటే, నకిలీ అని నిరూపించే భారం మీ నెత్తిన పడుతుంది. ‘ఆల్ ఒరిజినల్ అన్నారు, అది కాదు’ అంటే చాలు. దానికి పాట్ కోడ్, అడుగున కనిపించిన పాత రంగు ఈ రెండే సరిపోతాయి. గీకేసిన ముద్రను మూడో అంశంగా చెప్పండి. ఎవరు గీకారో మాత్రం ఊహించి రాయకండి.

‘ఆల్ ఒరిజినల్’ అన్న ఆ రెండు మాటలకు అంత బలం ఎందుకంటే, వర్ణన చెప్పి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలన్నది అదే చట్టంలోని సెక్షన్ 15. మీరు కళ్లారా చూసి కొన్నా ఈ షరతు వర్తిస్తుంది, ఎందుకంటే పైనుంచి చూస్తే పాట్‌లు కనిపించవు. పాత గిటార్ ధరలో సగం ఆ ‘ఒరిజినల్’ అనే మాటకే కడతారని మీకు నేను చెప్పక్కర్లేదు. ‘చూసుకునే కొన్నారు’ అన్న ఆయన వాదనకు ఆయన వాట్సాప్ సందేశమే జవాబు. విప్పొద్దని తనే చెప్పి, విప్పి చూసుకోలేదని తప్పుపడితే వినియోగదారుల కమిషన్ ముందు నిలవడం కష్టం. నో రిటర్న్ అన్న ముద్ర కూడా తప్పుడు మాట చెప్పి అమ్మినదానికి రక్షణ కాదు.

వినియోగదారుల రక్షణ చట్టం (2019) సెక్షన్ 2(47) చూస్తే నవ్వొస్తుంది. పాత సరుకును బాగుచేసి కొత్తదని అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి అని అందులో ప్రత్యేకంగా రాశారు. మీ డీలర్ కొత్త భాగాలను పాతవన్నారు! ఫర్వాలేదు, వస్తువు నాణ్యత, శైలి, మోడల్ గురించి అబద్ధం చెప్పడం కూడా అదే సెక్షన్‌లో ఉంది.

మీరు బెంగళూరు వెళ్లనక్కర్లేదు. సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన ధర 50 లక్షల లోపు కనుక జిల్లా కమిషన్ సరిపోతుంది. 5 నుంచి 10 లక్షల మధ్య అయితే ఫీజు రూ.200. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. గడువు రెండేళ్లు. ముందు 15 రోజుల గడువుతో లాయర్ నోటీసు పంపడం మంచిది. రిపేర్ చేసిన ఆయన చేత తేదీతో సహా రిపోర్టు, అఫిడవిట్ రాయించండి. విప్పిన ఫొటోలు, వాట్సాప్ చాట్ భద్రపరిచి, ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకు కావాల్సిన సర్టిఫికెట్‌ను భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద జత చేయండి. నగదుగా ఇచ్చిన రూ.1,40,000 బిల్లులో ఉందా? లేకపోతే ఆ మొత్తం ముట్టిందని ఆయన రాసిన సందేశం ఏదైనా ఉందేమో వెతకండి.

రేపు ఆయన ‘నేను డీలర్‌ను కాదు, నా సొంత గిటార్ అమ్ముకున్నా’ అనొచ్చు. షాపు పేరుతో బిల్లు ఉంది కాబట్టి ఆ మాట నిలవదు. ఒకవేళ నిలిస్తే సివిల్ కోర్టుకు వెళ్లాలి. అక్కడ గడువు మూడేళ్లు, కోర్టు ఫీజు మాత్రం బాగా ఎక్కువ. పోలీసు కేసు సంగతి తర్వాత. అమ్మే రోజునే ఆయనకు నిజం తెలుసని చూపగలిగితేనే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం అవుతుంది. నేనైతే దాని జోలికి ముందే వెళ్లను.

నాకు టెన్షన్ పెట్టింది మీ ఉత్తరంలోని చివరి మాటలు. మూడు బేస్‌లు కస్టమైజ్ చేసి అమ్మానన్నారు. తిరిగి అమ్మడానికో వ్యాపారానికో కొన్నవాడు ‘వినియోగదారుడు’ కాడని వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) చెబుతోంది. అవతలి లాయర్ మొదట పట్టుకునేది దాన్నే. ఆ మూడింటి సంగతి అడిగితే దాచొద్దు. అయితే ఈ బేస్‌ను వాయించడానికీ, సేకరణకీ కొన్నానని చెప్పడానికి ఆధారాలు కావాలి. కొన్న నాటి నుంచి బ్యాండ్‌లో వాయించిన ఫొటోలు, వీడియోలు ఉంటే తీసి పెట్టండి. అమ్మకానికి ఎక్కడైనా ప్రకటన ఇచ్చి ఉంటే మాత్రం కేసు బలహీనపడుతుంది.

స్టిక్కర్ సంగతి ఇంకా తీవ్రమైనది. ఫెండర్ తయారు చేసిన బేస్‌కే పికప్‌లు, రంగు మార్చి, ఆ మార్పులు కొనేవారికి చెప్పి అమ్మితే ఇబ్బంది తక్కువ. వేరే కంపెనీ బాడీకీ, విడిగా కొన్న నెక్‌కూ ఫెండర్ పేరు అంటించి అమ్మితే అది ట్రేడ్‌మార్కుల చట్టం (1999) సెక్షన్ 103, 104 కింద నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా పడొచ్చు. ఇంట్లో వాయించుకునే గిటార్ మీద స్టిక్కర్ వేరు, అమ్మే గిటార్ మీద స్టిక్కర్ వేరు. అమ్మేసిన మూడింటిలో అలాంటిది ఉంటే, కొన్నవారికి నిజం చెప్పి డబ్బు సర్దుబాటు చేసుకోండి. నాలుగోదాని మీద ఇప్పటికే అంటించి ఉంటే ఈరోజే పీకేయండి.