మొహమాటం, నెలాఖరు బాకీ

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది. నెల సగం గడవకముందే జీతం అయిపోతోంది, క్రెడిట్ కార్డు బాకీ పెరుగుతోంది. స్నేహితులు అడిగితే లేదనలేడు. చిన్నప్పటి నుంచీ అతని స్వభావమే అంత. ఎక్కువ జీతం వచ్చే ఉద్యోగానికి మారితే గాడిన పడతాడా?

జవాబు: అమ్మా, జీతం నిజంగానే ఖర్చులకు చాలనంత తక్కువైతే స్వభావాన్ని తప్పుపట్టడం అన్యాయం. ముందు ఆ లెక్క చూడండి. చాలినంత వస్తున్నా నిలవడం లేదంటే, మీ ఉత్తరంలో అసలు మాట ‘లేదనలేడు’ అన్నదే.

డబ్బు చేజారే దారులు మనిషిని బట్టి మారతాయి. కొందరు కనబడిందల్లా కొంటారు. కొందరు భయంతో బిల్లు తెరిచి కూడా చూడరు. మీవాడిది మొహమాటం. అందరి భోజనం బిల్లూ తనే కడతాడు, చేబదులు ఇచ్చి తిరిగి అడగలేడు. కార్డు మీద కనీస మొత్తం కట్టి ఊపిరి పీల్చుకుంటాడు, మిగిలిన బాకీ మీద వడ్డీ పడుతూనే ఉంటుంది. ఇలాంటి పిల్లలు జీతం పెంచమనీ అడగలేరు. ఇచ్చిందే పుచ్చుకుంటారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

‘స్వభావమే అంత’ అని మాత్రం వదిలేయకండి. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లలను పరిశోధకులు దశాబ్దాలుగా గమనిస్తున్నారు. చిన్నప్పుడు స్వీయ నియంత్రణ తక్కువగా ఉన్నవారికి 32 ఏళ్ల వయసులో డబ్బు ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి. తెలివితేటల్లో, కుటుంబ స్థితిలో ఉన్న తేడాలను లెక్కలోకి తీసుకున్నా అంతే. అయితే పెరిగే వయసులో ఆ నియంత్రణ అలవరచుకున్నవారు అనుకున్నదానికంటే మెరుగ్గా ఉన్నారు. బాధ్యత, క్రమశిక్షణ సాధారణంగా ఇరవైల్లో, ముప్పైల్లో పెరుగుతాయని ఇతర పరిశోధనలూ చెబుతున్నాయి.

ఉద్యోగం మారడం తప్పు కాదు. కానీ ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ వచ్చే కమిషన్ ఉద్యోగం ఇప్పుడే వద్దు. కొత్తచోట జీతం గురించి ఏం అడగాలో ముందే కాగితం మీద రాసుకుని, ఇంట్లో నాలుగుసార్లు పైకి చెప్పి చూడమనండి. జీతం పడిన రోజే కొంత సొమ్ము వేరే ఖాతాకు దానంతటదే వెళ్లే ఏర్పాటు చేసుకుంటే ‘ఇప్పుడు నా దగ్గర లేదు’ అన్న మాట అతని నోట నిజంగానే వస్తుంది.

ఈసారి బాకీ మీరు తీర్చేయకండి. పక్కన కూర్చుని మూడు నెలల కార్డు బిల్లులు తెరిపించండి. ఒక్కో ఖర్చు ఎదురుగా ‘నాకు కావాలి’ అనో, ‘కాదనలేకపోయాను’ అనో అతని చేతనే రాయించండి. ‘కాదనలేకపోయాను’ అని రాసిన ఖర్చుల మొత్తాన్ని అతన్నే కూడనివ్వండి.