సన్మానాలకు రానన్న కొడుకు

ప్రశ్న: మా అబ్బాయి వృత్తిగా బ్యాడ్మింటన్ ఆడుతూ హైదరాబాదులో సాధన చేస్తున్నాడు. ఒక పెద్ద పోటీలో గెలిచాక మా ఊళ్లో సన్మానాలకూ, దుకాణాల ప్రారంభోత్సవాలకూ పిలుపులు వస్తున్నాయి. వాడు దేనికీ ఒప్పుకోవడం లేదు. సంక్రాంతికి వచ్చినా ఉదయం సాధన చేసుకుని, మిగతా పొద్దంతా భార్యతో, ఏడాది పాపతో ఇంట్లోనే గడిపి, పండుగ కాగానే రైలెక్కాడు. గెలవగానే పొగరొచ్చిందని బంధువులంటున్నారు. పేరున్నప్పుడే నాలుగుచోట్ల కనిపించమని నచ్చజెప్పాలా?
– ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: వద్దమ్మా. సన్మానం మనకు రెండు గంటల ముచ్చటే గాని, హైదరాబాదు నుంచి రావలసిన ఆటగాడికి అది రెండు రాత్రుల ప్రయాణం, చెదిరిన నిద్ర, వేళ తప్పిన భోజనం, చేజారిన సాధన. అలసట తీరని ఒంటితో మళ్లీ కోర్టులోకి దిగితే గాయపడే ప్రమాదమూ ఉంటుంది.

2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచిన పుల్లెల గోపీచంద్, శీతల పానీయాలు ఆరోగ్యానికి మంచివి కావన్న ఉద్దేశంతో, వాటి ప్రకటనలో నటించడానికి ఒప్పుకోలేదు. ఆయనే శిక్షకుడిగా, 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు కొన్ని నెలలపాటు పి.వి. సింధును ఫోన్‌కు దూరంగా ఉంచారు. ఆమె రజతంతో తిరిగి వచ్చారు. వారినెవరూ పొగరుబోతులనలేదు. మీకు దగ్గరలోని అమలాపురం నుంచి వెళ్లిన సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి 2023 ఆసియా క్రీడల్లో డబుల్స్ స్వర్ణం గెలిచి, ఆ వెంటనే ప్రపంచ ప్రథమ స్థానానికి చేరారు. ఆ పేరు తెచ్చిపెట్టింది కోర్టులోని ఆటే.

పాప సంగతి నాకు ఇంకా ముఖ్యంగా తోస్తోంది. పోటీల కోసం ఊళ్లూ దేశాలూ తిరిగే తండ్రికి, బిడ్డ నడక నేర్చే వయసులో ఇంటిపట్టున దొరికే రోజులు బహు తక్కువ. వాటిని వేదికల మీద ఖర్చుచేయమని అడిగే హక్కు ఎవరికీ, కన్నవారికి సైతం, లేదని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే ఆటగాడు సంపాదించే కాలం చిన్నదన్నది నిజమే. పోటీలు లేని వారాల్లో ముగించగల మంచి ప్రకటన ఒప్పందం వస్తే ఆలోచించవచ్చు. ఆ నిర్ణయం భార్యాభర్తలకే వదిలేయండి.

పిలిచినవారికి రాలేడన్న మాటను మీరో, మీవారో స్వయంగా వెళ్లి మర్యాదగా చెప్పండి. వచ్చే పండుగకు బంధువులను భోజనానికి పిలవండి. ఉదయం ఎలాగూ సాధన చేస్తాడు గనుక, ఊళ్లో రాకెట్ పట్టే పిల్లలను ఆ వేళకు రానివ్వమని మీ అబ్బాయిని అడగండి. దానికి కాదనడని నా నమ్మకం.