“ఇట్స్ ఆన్ మి” అనేముందు ఒక్కసారి ఆగు, తమ్ముడూ

తమ్ముడూ, డల్లాస్‌లో ఉద్యోగం వచ్చినందుకు సంతోషం. ఆఫీసులో వాళ్ల మాటలు సగం అర్థం కావట్లేదని బెంగపడుతున్నావు. “పీస్ ఆఫ్ కేక్”, “బ్రేక్ ఎ లెగ్” లాంటివి తెలియకపోతే కొంపేమీ మునగదు, ఆర్నెల్లు తిరిగేసరికి అవే చెవిన పడతాయి. డబ్బుతో ముడిపడిన మాటలు మాత్రం ముందే నేర్చుకోవాలి. మీ తరానికి వచ్చేముందే యూట్యూబ్‌లో అన్నీ చూసుకునే వీలుంది. మాకు అడుగుదామన్నా మనిషి లేడు.

నేను చేరిన కొత్తలో టీమ్ అంతా కలిసి లంచ్‌కి వెళ్దామన్నారు. ఏర్పాట్లు నేను చూస్తానని చెప్పాలి కదా, “లంచ్ ఈజ్ ఆన్ మి” అన్నాను. మనం ‘ఆ పని నా మీద ఉంది’ అంటాం చూడు, ఆ లెక్కన టేబుల్ బుక్ చేసే బాధ్యత నాదని నా ఉద్దేశం. శుక్రవారం అందరూ తిన్నారు, ఒక్కొక్కరే వచ్చి థాంక్స్ చెప్పారు. వెయిటర్ బిల్లు తెచ్చి నా ముందు పెట్టాడు. మొదటి జీతం ఇంకా పడలేదు, ఇంటి నుంచి తెచ్చుకున్న డాలర్లతోనే కట్టాను. మంది ఎక్కువైతే చాలా రెస్టారెంట్లు 18 శాతం టిప్ బిల్లులోనే కలిపేస్తాయి. అది చూసుకోక పైన మళ్లీ టిప్ ఇచ్చాను. ఆ నెల అద్దెలో నా వాటాకి రూమ్మేట్ దగ్గర చేబదులు తీసుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు, అది వేరే సంగతి.

కాబట్టి గుర్తుపెట్టుకో. “ఇట్స్ ఆన్ మి”, “మై ట్రీట్” అంటే ఖర్చంతా అన్నవాడిదే. “లెట్స్ గ్రాబ్ లంచ్” అంటే ఎవరి బిల్లు వాళ్లదే. పిలిచింది వాళ్లే కదా అని ఖాళీ జేబుతో వెళ్లకు. మన దగ్గర పుట్టినరోజు ఎవరిదైతే వాళ్లే పార్టీ ఇస్తారు. ఇక్కడ చాలాసార్లు మిగతావాళ్లు అతని బిల్లు పంచుకుంటారు, నీ వాటా కాస్త పెరుగుతుంది. “రెయిన్ చెక్” అంటే ఈసారికి కుదరదు, ఇంకోసారి వస్తానని. వానకి బేస్‌బాల్ ఆట ఆగిపోతే మళ్లీ రావడానికి ఇచ్చే చీటీ అది. సేల్‌లో పెట్టిన సరుకు అయిపోతే కొన్ని షాపులు కూడా రెయిన్ చెక్ ఇస్తాయి, సరుకు వచ్చాక అదే సేల్ ధరకి కొనుక్కోవచ్చు. అడిగితేనే ఇస్తారు, మొహమాటపడకు.

“బాల్‌పార్క్ ఫిగర్” కూడా బేస్‌బాల్ మైదానం నుంచి వచ్చిందే, ఉజ్జాయింపు లెక్క అన్నమాట. నా పాత కారు బ్రేకులు పాడైతే మెకానిక్ “బాల్‌పార్క్, సిక్స్ హండ్రెడ్” అన్నాడు. అదే ఖరారు ధర అనుకుని తాళాలిచ్చి వచ్చాను. సాయంత్రానికి 900 దాటింది. రాతలో ఎస్టిమేట్ అడగాలని, అది దాటితే ముందు ఫోన్ చేయమని చెప్పాలని అప్పుడు తెలిసింది. “గ్రాండ్” అంటే వెయ్యి డాలర్లు. “అవుట్ ఆఫ్ పాకెట్” ఇన్సూరెన్స్‌లో కనిపిస్తే నీ జేబులోంచి కట్టేదని అర్థం, ఎంతవరకో నీ ప్లాన్ కాగితాల్లో చూసుకో. అదే మాట మేనేజర్ “రేపు అవుట్ ఆఫ్ పాకెట్” అన్నాడంటే రేపు అందుబాటులో ఉండడని.

శనివారం కారు చూడ్డానికి వెళ్తున్నానన్నావు. డీలర్ మొదటి ప్రశ్న “నెలకి ఎంత కట్టగలవు?” అనే ఉంటుంది, జవాబు చెప్పకు. నెలకి 400 అన్నావంటే వాయిదాలు 84 నెలలకి సాగదీసైనా ఆ అంకెలో ఇరికిస్తాడు, వడ్డీ నీ నెత్తినే పడుతుంది. “వాట్స్ ద అవుట్ ద డోర్ ప్రైస్?” అని అడుగు. టెక్సాస్ సేల్స్ టాక్స్ 6.25 శాతం, టైటిల్ (కారు నీదని చెప్పే కాగితం), రిజిస్ట్రేషన్, డీలర్ కాగితాల ఫీజు అన్నీ కలిసిన మొత్తం అది. కాగితం మీద రాయించుకుని ఇంటికి తెచ్చుకో. “ఈ ధర ఈ రోజుకే” అన్నా సంతకం పెట్టకు. అదే మోడల్‌కి ఇంకో ఇద్దరు డీలర్ల దగ్గర కూడా ఆ ధర అడిగి, మూడూ పక్కన పెట్టి చూసుకున్నాకే మాట్లాడు.