పిల్లవాణ్ణి బ్యాండు దగ్గరికి తీసుకెళ్ళే ముందు

చి.ల.సౌ. సునీతకి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ఆ రాక్ బ్యాండు షోకి పాస్‌లు దొరికాయని, మీవాడికి ఐదేళ్ళకే ఆ బ్యాండంటే ప్రాణమని, షోకి ముందు వాళ్ళతో కలిపించి ఫొటో తీయిస్తారని రాశావు. సంతోషం. ఇన్నేళ్ళూ సౌండ్ డెస్కు వెనక నిలబడి బతికినవాణ్ణి కదా అని, వాణ్ణి తీసుకెళ్ళడానికి ఏం జాగ్రత్తలు కావాలో నన్ను అడిగావు. నువ్వు అడక్కపోయినా చెప్పకుండా ఊరుకునేవాణ్ణి కాదులే.

ముందు ఒకటి తేల్చుకో. ఆ ఇష్టం ఎవరిది? వాడిదా, నీదా, మీ ఆయనదా? కార్లో మీరు పెట్టే పాటలే వాడికీ నోటికొచ్చి ఉంటాయి, అందులో తప్పేం లేదు. కానీ నీ కాలేజీ రోజుల కోరిక ఏదైనా మిగిలిపోయి ఉంటే దాన్ని నువ్వే తీర్చుకో, వాడి నెత్తిన పెట్టకు. "అంకుల్‌కి ఆ పాట పాడి వినిపించు నాన్నా" అంటూ వీపు మీద చెయ్యేసి ముందుకు నెట్టే అమ్మానాన్నలని చాలామందిని చూశాను. అప్పటిదాకా లైన్లో గంతులేసిన పిల్లలే ఆ మాటతో బిగుసుకుపోయి, అమ్మ చున్నీలో మొహం దాచేసుకుంటారు. వాడు ఒక్క మాటా మాట్లాడకపోయినా ఆ రోజు బాగా జరిగినట్టే లెక్క. ఇది నువ్వు ముందే ఒప్పుకుని బయల్దేరు.

రెండోది, కలవడం వేరు, షో వేరు. పెద్దవాళ్ళకి రెండూ ఒకటే టికెట్టు. ఐదేళ్ళవాడికి అవి రెండు పెద్ద పనులు. నన్నడిగితే కలవడమే అసలు పని. షో నాలుగు పాటలు చూస్తే చూసినట్టు, లేకపోతే లేదు. డబ్బులు పోయాయని కూర్చోబెట్టకు.

ఈ కలవడాలు ఎలా ఉంటాయో తెలిస్తే నీకు సగం కంగారు తగ్గుతుంది. చాలా బ్యాండ్లు షోకి ముందే, సౌండ్‌చెక్ (వాయిద్యాలు, మైకులు వాయించి సరిచూసుకోవడం) అయ్యాక, గేట్లు తెరవకముందు కలుస్తాయి. లైను పొడుగ్గా ఉంటుంది, మన వంతు మాత్రం సెకన్లలో అయిపోతుంది. నిలబడు, నవ్వు, ఫొటో, పక్కకి జరుగు, అంతే. చాలాచోట్ల ఫొటో వాళ్ళ ఫొటోగ్రాఫరే తీసి తర్వాత లింకు పంపిస్తాడు, మన ఫోన్లు తియ్యనివ్వరు. ఆటోగ్రాఫులు ఉంటాయో లేదో, సంతకం చేసిన పోస్టరు ముందే ఇచ్చేస్తారో, అదంతా పాస్‌తో వచ్చిన మెయిల్లో రాసి ఉంటుంది. బద్ధకించకుండా చివరిదాకా చదువు. పిల్లలకి వయసు నిబంధన ఏదైనా ఉందా అన్నదీ అందులోనే చూడు. నిలబడి చూసే చోటికి చిన్నపిల్లల్ని రానివ్వని హాళ్ళు చాలా ఉన్నాయి. రానిచ్చినా అక్కడికి వద్దు, గుంపు ఒక్కసారి ముందుకు తోసిందంటే వాడి తల పెద్దవాళ్ళ మోచేతుల ఎత్తులో ఉంటుంది.

వాడిచేత ఒక బొమ్మ వేయించు. డ్రమ్సో, గిటారో, ఏదైనా సరే. వెనక వాడి పేరు రాయించు. చేతిలో ఇవ్వడానికి ఒకటి ఉంటే నోరు పెగలని పిల్లవాడికి కూడా చెయ్యడానికి ఒక పని దొరుకుతుంది, ఎదుటివాళ్ళకి మాట కలపడానికి ఒక వంక దొరుకుతుంది. "ఇది నేనేనా? నాకు మూడు చేతులున్నాయేంటి?" అని డ్రమ్మరు అడగ్గానే నవ్వేసిన పిల్లల్ని చూశాను. పిల్లలతో డ్రమ్మర్లే బాగా కలుస్తారు. ఇది నా పక్షపాతమే అనుకో. సంతకం పెట్టించుకునే వీలుంటే మార్కర్ నువ్వే పట్టుకెళ్ళు, నల్లటి అట్ట మీదైతే వెండిరంగుది. ముందు ఒక కాగితం మీద గీసి చూసుకో, ఎండిపోయిన మార్కర్‌తో అక్కడ తంటాలు పడేవాళ్ళకి లెక్కలేదు.

వాడికి ఆ రోజు జలుబు గానీ దగ్గు గానీ ఉంటే మాత్రం వెళ్ళకండి. పాడేవాళ్ళకి గొంతే జీవనం. ఒక జలుబు పట్టుకుంటే మిగతా టూరంతా తలకిందులవుతుంది. కొందరు చెయ్యి కలపరు, దగ్గరికి రారు, షోకి ముందు మాట కూడా పొదుపుగా వాడతారు. అది పొగరు కాదని పిల్లవాడికి ముందే చెప్పు.

మీది మొహాలకి రంగులేసుకునే బ్యాండో కాదో నువ్వు రాయలేదు. కిస్ బ్యాండు లాగా మేకప్ వేసుకునేవాళ్ళో, స్లిప్‌నాట్ లాగా మాస్కులు పెట్టుకునేవాళ్ళో అయితే ఇంకో జాగ్రత్త కావాలి. టీవీలో చూసి మురిసిపోయే మొహమే ఎదురుగా ఆరడుగుల ఎత్తున వంగి పలకరిస్తే ఏడవని పిల్లలు తక్కువ. ఆ రంగు కింద మామూలు మనిషే ఉన్నాడన్న నమ్మకం ఆ వయసుకి ఇంకా గట్టిపడదు. మేకప్ వేసుకుంటున్న వీడియోలు ఉంటాయి, వారం ముందు నుంచి వాడితో కూర్చుని చూడు. అక్కడికెళ్ళాక భయపడితే ఎత్తుకో, దూరం నుంచి చెయ్యి ఊపించి వచ్చెయ్. ఫొటో కోసం వాళ్ళ చేతుల్లో మాత్రం పెట్టకు.

ఇప్పుడు చెవుల సంగతి. ఈ విషయంలో నేను బతిమాలను, గట్టిగా చెబుతాను. శబ్దం ఎంత గట్టిదో డెసిబెల్స్‌లో కొలుస్తారు. రాక్ షోలో 100 నుంచి 110 డెసిబెల్స్ మామూలు. పనిచోట పెద్దవాళ్ళ చెవులకి వాడే లెక్క ఒకటుంది: 85 డెసిబెల్స్ అయితే 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగానికి సగం. అలా లెక్కేస్తే 100 దగ్గర 15 నిమిషాలు, 109 దగ్గర రెండు నిమిషాలు కూడా రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికలకి చెప్పిన హద్దు 15 నిమిషాల సగటు మీద 100. అది సిఫార్సు మాత్రమే, అన్నిచోట్లా పాటిస్తారనుకోకు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి కణాలు ఒకసారి చస్తే మనిషికి మళ్ళీ పుట్టవు. ది హూ బ్యాండు పీట్ టౌన్‌షెండ్‌కి ఎప్పట్నుంచో చెవుల బాధ. ఏసీ డీసీ బ్యాండు గాయకుడు బ్రయన్ జాన్సన్ 2016లో పూర్తిగా చెవుడు వచ్చే ప్రమాదం ఉందని డాక్టర్లు చెబితే టూరు మధ్యలో ఆపుకోవాల్సొచ్చింది. స్టేజీ మీదివాళ్ళ గతే అది.

కాబట్టి ఇయర్‌మఫ్‌లు, అంటే చెవిని మొత్తం కప్పేసే డిప్పలు, కొను. ఆ వయసుకి లోపల దూర్చే ఇయర్‌ప్లగ్‌లు వద్దు, అవి చిన్న చెవుల్లో సరిగ్గా కూర్చోవు, పైగా తీసి నోట్లో పెట్టుకుంటారు. పాటలు వినే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు వీటికి బదులు పనికిరావు. ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తాయో రాసి ఉన్న పిల్లల ఇయర్‌మఫ్‌లే కావాలి. పెట్టె మీద 25 అని ఉన్నా అంతా తగ్గుతుందనుకోకు, అది ల్యాబులో వచ్చే అంకె. దిండులాంటి ఆ అంచు చెవి చుట్టూ చర్మానికి అతుక్కోవాలి. మధ్యలో జుట్టు పాయో, కళ్ళజోడు కాడో, టోపీ అంచో వచ్చిందంటే శబ్దం ఆ సందులోంచే లోపలికి పోతుంది. ఇంట్లో రోజూ కాసేపు పెట్టించి అలవాటు చెయ్యి. అక్కడ సౌండ్‌చెక్ చూపిస్తే అప్పుడూ ఉండాల్సిందే, అది కూడా పూర్తి సౌండే. వాడు తీసేస్తానని పేచీ పెడితే బయటికి వచ్చెయ్యండి, బేరాలొద్దు. నువ్వూ ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకో, నువ్వు పెట్టుకోనిది వాడెందుకు పెట్టుకుంటాడు?

ముందు వరస మధ్యలో సీటు దొరికిందని మురిసిపోకు. బేస్ స్పీకర్లు చాలాసార్లు స్టేజీ ముందు కిందనే ఉంటాయి. ఇయర్‌మఫ్‌లు చెవిని కాస్తాయి గానీ ఛాతీలో పుట్టే ఆ అదురుని ఆపలేవు. పిల్లలు హడలిపోయేది ఎక్కువగా దానికే. హాలు వెనక సగంలో, కాస్త ఎత్తుమీద, నడవా పక్క సీట్లు చూసుకో. అక్కణ్ణించి స్టేజీ కూడా కనిపిస్తుంది, బాత్రూమ్‌కీ తేలిక. మెరిసే లైట్ల మాట కూడా చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉంటే, లేదా వాడికెప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే, డాక్టర్ని అడక్కుండా కదలకు. సెకనుకి 3 నుంచి 30 సార్లు మెరిసే లైట్లు కొందరికి ఫిట్స్ తెప్పిస్తాయి.

ఆ మధ్యాహ్నం వాణ్ణి నిద్రపుచ్చి తీసుకెళ్ళు. చేతికి నీ ఫోన్ నంబరు రాసిన పట్టీ కట్టు. తప్పిపోతే ఎవరి దగ్గరికి వెళ్ళాలో లోపలికి అడుగు పెట్టగానే సెక్యూరిటీ చొక్కా చూపించి చెప్పు.

రాక్ వాళ్ళకి పిల్లలంటే విసుగని మాత్రం అనుకోకు. ఇంగ్లండు అమ్మాయి నాండి బుషెల్ పదేళ్ళప్పుడు ఫూ ఫైటర్స్ బ్యాండు నాయకుడు డేవ్ గ్రోల్‌తో ఆన్‌లైన్లో డ్రమ్స్ పోటీ పెట్టుకుంది. 2021 ఆగస్టులో లాస్ ఏంజెలిస్ దగ్గర ఆ బ్యాండుతోనే స్టేజీ ఎక్కి వాయించింది. మనవాడు ఎక్కాలని కాదు, అలాంటి మనుషులూ అక్కడుంటారని చెబుతున్నా.

ఇయర్‌మఫ్‌లు ఈ వారమే కొను, సైజు సరిపోకపోతే మార్చుకోవడానికి టైముంటుంది. సీట్ల నంబర్లు నాకు పంపించు, హాలు మ్యాపు చూసి స్పీకర్లు ఎటువైపు వస్తాయో చెబుతాను.

మీ పెదనాన్న