బీజెడ్‌సీ చదివి బయోఇన్ఫర్మాటిక్స్‌కి వెళ్తే కోడింగ్ పట్టుబడుతుందా?

కడపలో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) అయిపోయింది, బయోఇన్ఫర్మాటిక్స్‌లో (జీవశాస్త్ర సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే సబ్జెక్టు) పీజీ చేద్దామనుకుంటున్నాను, కోడింగ్ ముక్క రాదు, ముందు హైదరాబాద్ పోయి పైథాన్ కోర్సు చేయాలా అని అడిగారు. నాదీ బీజెడ్‌సీనే, పీజీ అనంతపురంలో చేశాను. నన్నడిగితే ఆ కోర్సు వద్దు. అక్కడ చెప్పేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు పనికొచ్చే పైథాన్. మనకు కావలసింది లక్షల లైన్లున్న ఫైలును తెరవకుండానే అందులో ఏముందో తెలుసుకోవడం.

అందుకే పైథాన్ కంటే ముందు లైనక్స్ కమాండ్లు పట్టుకోండి. విండోస్ ల్యాప్‌టాప్ అయినా సరే, విండోస్‌లోనే లైనక్స్ నడిపించే డబ్ల్యూఎస్ఎల్ వేసుకుంటే ఉబుంటు అనే లైనక్స్ అందులోనే నడుస్తుంది. జీన్ల సమాచారం దాచే ఎన్‌సీబీఐ సైటు నుంచి ఒక ఫాస్టా ఫైలు (డీఎన్ఏ లేదా ప్రొటీన్ సీక్వెన్సులు, అంటే అక్షరాల వరుసలు, ఉండే మామూలు టెక్స్ట్ ఫైలు) దింపుకోండి, ఉచితమే. అందులో ప్రతి సీక్వెన్సు పైనా 'గ్రేటర్ దేన్' గుర్తుతో మొదలయ్యే పేరు లైను ఉంటుంది. ఆ లైన్లను గ్రెప్ అనే వెతికే కమాండ్‌తో లెక్కపెడితే ఫైల్లో ఎన్ని సీక్వెన్సులున్నాయో క్షణంలో తేలిపోతుంది. కాకపోతే ఆ గుర్తును కొటేషన్లలో పెట్టాలి. పెట్టకపోతే, ఫలితాన్ని ఫైల్లోకి రాయమంటున్నారనుకుని షెల్ (మన కమాండ్లను నడిపే ప్రోగ్రాం) ముందు ఆ ఫైలునే ఖాళీ చేసేస్తుంది. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి రాత్రంతా కూర్చుని దింపుకున్న ఫైలు ఇట్లాగే సున్నా బైట్లయింది. హాస్టల్ నెట్‌తో మళ్లీ మొదటినుంచీ! ఆ దెబ్బతో మేమంతా ఒరిజినల్ ఫైళ్లను రీడ్ ఓన్లీ చేసి పెట్టుకోవడం మొదలుపెట్టాం.

పైథాన్‌లోకి వచ్చాక రివర్స్ కాంప్లిమెంట్ (డీఎన్ఏ వరుసను తిరగేసి, ఒక్కో అక్షరం బదులు దాని జత అక్షరం పెట్టడం) తీసే ప్రోగ్రాం సొంతంగా రాయండి. బయాలజీ పనులకున్న బయోపైథాన్ లైబ్రరీలో రెడీగా ఉంది, అయినా రాయండి. 'ఏ' ఉన్నచోటల్లా 'టీ' పెట్టి, ఆ తర్వాత 'టీ' ఉన్నచోటల్లా 'ఏ' పెట్టారనుకోండి, ఇందాక మార్చినవి కూడా వెనక్కి తిరిగిపోతాయి. ఎర్రర్ ఏమీ రాదు, ప్రోగ్రాం చక్కగా నడుస్తుంది. కానీ 'టీ' ఒక్కటీ లేని డీఎన్ఏ ఏంటని బయాలజీ చదివిన కంటికి వెంటనే అనుమానం రావాలి.

ఈ అనుమానమే మన ఆస్తి. మన చెనక్కాయనే (వేరుశనగ) తీసుకోండి. రెండు అడవి జాతులు కలిసి పుట్టిన టెట్రాప్లాయిడ్ (నాలుగు సెట్ల క్రోమోజోములున్నది) అది, 40 క్రోమోజోములు. ఆ రెండు జాతుల జీనోమ్‌లు (మొత్తం డీఎన్ఏ సీక్వెన్సులు) 2016లో వచ్చాయి, సాగు చెనక్కాయది 2019లో. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్ల కె-6 రకం గానీ ఇంకేదైనా గానీ, ఒక జీన్‌ను బ్లాస్ట్ చేస్తే (డేటాబేసులో దానిలాంటి సీక్వెన్సుల కోసం వెతికితే) చాలాసార్లు దాదాపు ఒకేలాంటి హిట్లు రెండు కనబడతాయి. ఒకటి ఒక అడవి జాతి నుంచి వచ్చిన 'ఏ' సబ్‌జీనోమ్‌ది, రెండోది రెండో జాతి నుంచి వచ్చిన 'బీ'ది. నాతో పాటు ప్రాజెక్టు చేసిన ఎంసీఏ మిత్రుడు "డూప్లికేట్ రా ఇది" అని ఒకదాన్ని తీసేయబోయాడు. కోడింగ్‌లో వాడి కాలిగోటికి సరిపోను నేను. కానీ వాణ్ని ఆపింది డిగ్రీ రెండో ఏడు చదివిన పాలీప్లాయిడీ పాఠమే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. జీన్ ఎక్స్‌ప్రెషన్ (ఏ జీన్ ఎంత పనిచేస్తోందో కొలిచే) పని తగిలినప్పుడు 'ఆర్' అనే భాష, అందులో వాడే బయోకండక్టర్ ప్యాకేజీలు చూసుకోండి, అందాకా వాటి జోలికి పోనక్కర్లేదు. పెర్ల్ భాష పాత స్క్రిప్టుల్లో కనబడుతుంది, చదివి అర్థం చేసుకోగలిగితే చాలు. జీన్ల జాబితాలను మాత్రం ఎక్సెల్‌లో తెరవకండి, సెప్ట్2, మార్చ్1 లాంటి పేర్లను తేదీలు చేసేస్తుంది. ఈ పోరు పడలేక 2020లో అలాంటి మానవ జీన్ల పేర్లనే మార్చుకున్నారు. సెప్ట్2 ఇప్పుడు సెప్టిన్2. సాధనకు రోసలిండ్ సైటు ఉంది, అందులో లెక్కలు చాలావరకు మన సబ్జెక్టువే.

కోర్సు కోసం దాచిన డబ్బుతో ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 16 జీబీకి పెంచుకోండి. అప్పటికీ అది మోయలేని అలైన్‌మెంట్ (సీక్వెన్సులను పోల్చి జతపరిచే) పనులుంటే గెలాక్సీ అనే ఆన్‌లైన్ సర్వర్‌లో ఉచితంగా ఖాతా తెరిచి అక్కడ నడపొచ్చు.